‘ముందు మానేసి రా’ అన్నదెవరు?

నెలలో మొదటి ఆదివారం. ప్రసంగం అయిపోయింది. పాస్టరుగారు బల్ల మీద కప్పిన తెల్లగుడ్డ తీశారు. రొట్టె ముక్కల పళ్లెం, ద్రాక్షరసం గిన్నెలు వరసల వెంబడి చేతులు మారుతున్నాయి. తలుపు దగ్గర ఆఖరి వరసలో ఒకాయన పళ్లెం అందుకుంటాడు. ఏమీ తీసుకోడు. తల వంచుకుని పక్కవాడికి అందిస్తాడు. ఎవరూ నోరెత్తరు, ఎత్తాల్సిన పనీ లేదు. ‘మళ్లీ మొదలెట్టాడన్నమాట’ అని ఆ వరసంతటికీ తెలిసిపోతుంది. మధ్యాహ్నం భోజనాల వేళకి ఊరికీ తెలుస్తుంది. తెలుగునాట చర్చిలో ఓ ఏడాది పాటు క్రమం తప్పకుండా కూర్చున్నవాళ్లకి ఈ దృశ్యం కొత్త కాదు.

ఆయన చేత అలా పళ్లెం దాటవేయించేది ఒక అభిప్రాయం. మైకుల్లో గట్టిగా, ఇళ్లలో మెల్లగా వినిపించే మాట అది: రక్షణ పొందినవాడు మళ్లీ మళ్లీ పాపంలో పడడు. పడుతున్నాడంటే వాడి మారుమనస్సే అబద్ధం. ముందు ఆ తాగుడో, ఆ వ్యసనమో, ఆ పాడు చూపో మానేసి, శుభ్రపడి, అప్పుడు దేవుని దగ్గరికి రావాలి. వినడానికి ఎంతో పవిత్రంగా ఉండే ఈ మాటకి బైబిల్లో ఆధారం పలచన. సంఘ చరిత్రలోనైతే దీని మీద తీర్పు పదిహేడు వందల ఏళ్ల కిందటే వచ్చేసింది. అయినా మన సభల్లో నిన్ననే ఆకాశం నుంచి దిగినంత తాజాగా చలామణీ అవుతోంది.

ఈ కాఠిన్యం ఊరికే పుట్టలేదన్నది ముందు ఒప్పుకోవాలి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద ఎందుకు తిరగబడ్డారో తెలిసిన సమాజం మనది. తాగొచ్చిన మగాడి చేతిలో దెబ్బలు తిన్న ఇల్లాలే చాలా కుటుంబాల్లో మొదట చర్చి మెట్లెక్కిన మనిషి. నీ భర్త మారతాడని ఆమెకి చర్చి మాటిచ్చింది. కొందరు నిజంగానే మారారు. ఆ సాక్ష్యాలు విలువైనవే. చిక్కల్లా సాక్ష్యానికి ఒకే మూస ఉండటంతో వచ్చింది. ఫలానా రాత్రి ప్రార్థన చేశారు, ఆ రాత్రి నుంచి చుక్క ముట్టలేదు, హల్లెలూయ. ఏడుసార్లు పడి ఎనిమిదోసారి లేస్తున్నవాణ్ణి మైకు దగ్గరికి ఎవరూ పిలవరు; వాడి కథకి ఇంకా ముగింపు లేదు మరి. ఇరవై ఏళ్లు ఆ ఒక్క మూస కథలే విన్న సంఘానికి, దేవుడు రాత్రికి రాత్రే పనిచేస్తాడనీ, అలా జరగనివాడి దగ్గరికి ఆయన అసలు రాలేదనీ నమ్మకం కుదిరిపోతుంది.

‘అమేజింగ్ గ్రేస్’ పాట రాసిన జాన్ న్యూటన్ కథని ఆ మూసలో పోసి చెప్పని బోధకుడు అరుదు. 1748లో అట్లాంటిక్ తుఫానులో ఓడ మునగబోతుంటే దేవుణ్ణి పిలిచాడు, మారిపోయాడు, అంతే. ఆ తర్వాత ఆయన బానిసల్ని రవాణా చేసే ఓడలకి కెప్టెన్ అయ్యాడన్న సంగతి ఎవరూ చెప్పరు. 1754లో సముద్రం విడిచిపెట్టింది కూడా ఒంట్లో బాగోకే. ఆ వ్యాపారాన్ని ఖండిస్తూ కరపత్రం అచ్చువేసింది 1788లో. తుఫాను రాత్రికీ ఆ కరపత్రానికీ మధ్య నలభై ఏళ్లు! సంకెళ్లలో ఉన్నవాళ్ల వైపు నుంచి చూస్తే ఆ ఆలస్యం భరించరానిది, న్యూటనే దాన్ని సిగ్గుపడుతూ రాసుకున్నాడు. కానీ మన సభల్లో పాడుకునే కృప ఇలా నత్తనడకన పనిచేసిన కృపే.

ఇక ప్రభువు బల్ల, అంటే ఈ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారం సంగతి. పళ్లెం దాటవేసే మనిషిని భయపెట్టేది కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయం. అయోగ్యముగా తిని తాగేవాడు తన మీదికి శిక్ష తెచ్చుకుంటాడన్న హెచ్చరిక అక్కడుంది. బల్ల ముందు ఆ వచనం చదివి, ‘యోగ్యులైనవాళ్లే చెయ్యి చాపండి’ అని ప్రకటించడం చాలాచోట్ల ఆనవాయితీ. ఇక్కడ తెలుగు వ్యాకరణం చాలు, గ్రీకు దాకా పోనక్కర్లేదు. ‘అయోగ్యముగా’ అన్నది క్రియకి విశేషణం; తినే తీరుని చెబుతుంది. ‘అయోగ్యుడు’ అని పౌలు రాయలేదు. యోగ్యులే తినాలంటే ఆ పళ్లెం పంచే పాస్టరుగారే మొదట పక్కకి తప్పుకోవాలి.

ఆ తీరు ఏమిటో పౌలు దాచలేదు. కొరింథులో డబ్బున్నవాళ్లు ముందే వచ్చి సుష్టుగా తిని, తాగి తూలుతుంటే, పొద్దంతా కష్టం చేసుకుని ఆలస్యంగా వచ్చిన పేదవాళ్లకి ఖాళీ గిన్నెలు మిగిలేవి. దేవుని సంఘాన్ని తృణీకరించి, లేనివాళ్లని సిగ్గుపరుస్తారా అని ఆయన మండిపడింది అందుకు. తనని తాను పరీక్షించుకున్న మనిషి ఆ తర్వాత ఏం చెయ్యాలి? తినాలి, తాగాలి అనే ఆయన చెప్పాడు. పరీక్షించుకుని వెనక్కి వెళ్లిపొమ్మన్న మాట ఆ అధ్యాయంలో వెతికినా దొరకదు. చివర్లో ఇచ్చిన పరిష్కారం మరీ సాదాసీదా: ఒకరి కోసం ఒకరు ఆగండి. ఎవరి కోసమైతే ఆగమన్నాడో వాళ్లనే బయట నిలబెట్టడానికి ఆ అధ్యాయాన్ని వాడుతున్నారంటే, చదవడంలో ఎంత తలకిందులు జరిగిందో చూడండి.

మొట్టమొదటి బల్ల చుట్టూ కూర్చున్నదెవరు? తెల్లవారకముందే ముమ్మారు బొంకబోతున్న పేతురు. పారిపోబోతున్న మిగతావాళ్లు. లూకా కథనం ప్రకారం అప్పగించబోయేవాడి చెయ్యి కూడా ఆ బల్ల మీదే ఉంది. పేతురు బొంకింది బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ. కొన్నాళ్లకి గలిలయ ఒడ్డున యేసు మళ్లీ బొగ్గుల మంటే వేసి, చేపలు కాల్చి, తిందువుగాని రమ్మని పిలిచాడు. ‘నన్ను ప్రేమిస్తున్నావా’ అన్న ప్రశ్నలు తిండి పెట్టాక అడిగినవి. యోహాను చెప్పిన ఈ వరస మన సంఘ పెద్దలకి ఎందుకో తలకెక్కదు: ముందు భోజనం, తర్వాత విచారణ.

క్షమాపణ ఎన్నిసార్లన్న లెక్క తీసింది కూడా పేతురే. ఏడుసార్లు చాలా అన్నాడు. డెబ్భై ఏళ్లమార్లు అన్న జవాబు అందరికీ కంఠతా వచ్చు. లూకా సువార్తలో ఉన్న రెండో లెక్క మాత్రం ఎవరూ ఎత్తరు. అక్కడ ఒక్క రోజులోనే ఏడుసార్లు తప్పుచేసి, ఏడుసార్లూ తిరిగొచ్చి మనసు మార్చుకున్నానన్నవాణ్ణి క్షమించాలి. పొద్దున్న వచ్చినవాడు మధ్యాహ్నం మళ్లీ వచ్చాడంటే, పొద్దుటి మారుమనస్సు దొంగదని మన పెద్దలు తేల్చేస్తారు. యేసు ఆ విచారణకి తావే ఇవ్వలేదు. మనిషి నుంచే ఇంత కోరినవాడు దేవుడు అంతకన్నా పిసినారి అని చెబుతాడా?

ఈ గొడవ మొదటిసారి రక్తం చూసింది మూడో శతాబ్దంలో. క్రీ.శ. 250లో రోమ్ చక్రవర్తి డెసియస్ ప్రజలంతా దేవతలకి బలి అర్పించి, అర్పించినట్టు అధికారుల దగ్గర చీటీ తీసుకోవాలని హుకుం జారీచేశాడు. ఆ చీటీలు ఈజిప్టు ఇసుకలో పదుల సంఖ్యలో దొరికాయి. కొందరు క్రైస్తవులు ప్రాణమిచ్చారు. ఎక్కువమంది వణికారు. కొందరు బలి అర్పించారు, కొందరు లంచమిచ్చి చీటీ మాత్రం సంపాదించారు. గాలివాన వెలిశాక వీళ్లంతా ఏడుస్తూ తిరిగొచ్చారు. ఏం చెయ్యాలి?

రోమ్‌లో నోవేషియన్ అనే పండితుడు, వీళ్లని దేవుడే చూసుకుంటాడు, సంఘంలోకి మాత్రం చచ్చినా రానివ్వకూడదన్నాడు. 251లో పోటీ బిషప్పుగా నిలబడి చీలిక తెచ్చాడు. ఆయన అనుచరులు తమని తాము ‘శుద్ధులు’ అని పిలుచుకున్నారు. ఆఫ్రికా తీరాన కార్తేజ్ బిషప్ సిప్రియన్‌కీ మొదట్లో గట్టి పట్టే ఉండేది: పశ్చాత్తాపం రుజువు కావాలి, తొందర కూడదు. బలి ఇచ్చినవాళ్లకి మరణశయ్య మీదే బల్ల అన్నారు. అంతలో మరో హింస ముంచుకొస్తోందన్న వార్త తెలిసింది. అప్పుడు సిప్రియన్, ఆయన తోటి బిషప్పులు లెక్క మార్చారు. యుద్ధానికి పంపేవాళ్లని ఆయుధం లేకుండా పంపుతామా, ప్రభువు గిన్నె తాగనివ్వకుండా హతసాక్షి గిన్నె తాగమని ఎలా అడుగుతామని వాదించి, పశ్చాత్తాపపడుతున్నవాళ్లందరికీ తలుపు తెరిచారు. బలహీనుడికి బల్ల ఎందుకన్న ప్రశ్నకి ఇంతకన్నా సూటి జవాబు సంఘ చరిత్రలో మరొకటి లేదు. పోరాటంలో ఉన్నవాడికే అన్నం కావాలి. తీరిగ్గా గెలిచి కూర్చున్నవాడికి ఓ పూట ఆలస్యమైనా ఫరవాలేదు. ఆ సిప్రియనే 258లో తల నరికించుకున్నాడు కాబట్టి, ఆయన్ని మెత్తనివాడని అనడానికీ వీల్లేదు.

325లో నికేయ మహాసభ ఎనిమిదో తీర్మానంలో ఈ శుద్ధుల విషయం తేల్చింది. సంఘంలోకి తిరిగి రావాలంటే, పడిపోయి లేచినవాళ్లతో కలిసి బల్లలో పాలుపొందుతామని రాసివ్వాలి. పదమూడో తీర్మానం చావు ముంగిట ఉన్న ఎవరికీ బల్ల నిరాకరించకూడదంది. ఆ సభకి ఎసేసియస్ అనే నోవేషియన్ బిషప్పూ వచ్చాడు. సభ నిర్ణయించిన విశ్వాసం ఒప్పే కదా, మరి మాతో ఎందుకు కలవవని చక్రవర్తి కాన్‌స్టంటైన్ అడిగితే, ఆయన తమ కఠిన నియమం వివరించాడు. అయితే ఓ నిచ్చెన వేసుకుని స్వర్గానికి ఒక్కడివే ఎక్కిపొమ్మని చక్రవర్తి బదులిచ్చాడట. ఐదో శతాబ్దపు చరిత్రకారుడు సోక్రటీస్ (తత్వవేత్త కాదు, వేరే ఆయన) రాసిన ముచ్చట ఇది. ఆ చక్రవర్తి మరుసటేడు సొంత కొడుకునే చంపించాడు, బాప్తిస్మం మరణశయ్య దాకా వాయిదా వేసుకున్నాడు. నిచ్చెన ఎక్కలేనని ఆయనకైనా తెలిసింది. తీర్మానంలో ఓడినా, ఆ నిచ్చెన మాత్రం ఇంకా చాలా చర్చిల గోడలకి ఆనించే ఉంది.

హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయాన్ని ఆయుధంగా పట్టుకొస్తారు కొందరు: ఒకసారి వెలిగింపబడి తప్పిపోయినవాళ్లని మళ్లీ మారుమనస్సుకి తేవడం అసాధ్యమని ఉంది కదా అని. ఆ పత్రిక మాట్లాడుతున్నది క్రీస్తునే తెలిసి తెలిసి వదిలేసి, ఇక అక్కర్లేదనుకున్నవాళ్ల గురించి. ఆఖరి వరసలో తల వంచుకున్న మనిషి వదిలేసినవాడైతే ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎందుకొచ్చాడు?

వాదాలకి లొంగని వాళ్ల కోసం ఒక మనిషిని చూపించాలి. చైనాలో హెబే ప్రాంతపు కథోలిక వైద్యుడు మార్క్ జీ తియెన్‌షియాంగ్. 1834లో పుట్టాడు. పేదలకి ఉచితంగా వైద్యం చేసేవాడు. ఓసారి కడుపునొప్పికి నల్లమందు వాడాడు. ఆ రోజుల్లో అది మందే. మన గంగా మైదానంలో పండించిన నల్లమందు ఈస్టిండియా కంపెనీ వేలంపాటల గుండా చైనాకి చేరేది; దానికోసం రెండు యుద్ధాలే జరిగాయి. కడుపునొప్పి తగ్గింది, నల్లమందు వదల్లేదు. జీ పాపసంకీర్తనానికి వెళ్లాడు, ఒప్పుకున్నాడు, మళ్లీ పడ్డాడు, మళ్లీ వెళ్లాడు. కొన్నాళ్లకి గురువుకి విసుగెత్తింది. మానాలన్న ఉద్దేశం నిజంగా ఉంటే ఇలా మళ్లీ మళ్లీ ఎందుకొస్తావు, మానేశాకే రమ్మన్నాడు. ఆ గురువు దుర్మార్గుడేమీ కాదు. మత్తు పట్టిన ఒళ్లు దాన్ని ఎలా అడుగుతుందో, ఆపితే వాంతులు, విరేచనాలు, ఒళ్లునొప్పులతో ఎలా పగబడుతుందో ఆయనకి తెలియదు.

ముప్ఫై ఏళ్లు జీ దివ్యసత్ప్రసాదం (కథోలికుల బల్ల) లేకుండా బతికాడు. గుడి మాత్రం మానలేదు. అందరూ లేచి వరసలో వెళుతుంటే కూర్చుని చూడటం, మళ్లీ వారం మళ్లీ రావడం, ఇలా ముప్ఫై ఏళ్లు! చెడ్డపేరు ఊరంతా తెలుసు. నల్లమందుని తాను గెలవలేనని అర్థమై, కనీసం హతసాక్షిగా చచ్చే వరం ఇమ్మని దేవుణ్ణి అడిగాడు. 1900లో బాక్సర్ల తిరుగుబాటులో క్రైస్తవుల్ని పట్టుకుంటున్నప్పుడు కొడుకు, కోడళ్లు, మనవలతో సహా ఆయన్నీ ఈడ్చుకుపోయారు. విశ్వాసం వదిలేస్తే వదిలేస్తామన్నారు. నల్లమందు చిలుము వదల్లేని మనిషి దీన్ని మాత్రం వదల్లేదు. తనని ఆఖర్న చంపమని బతిమాలుకున్నాడు, తనవాళ్లలో ఎవరూ ఒంటరిగా చావకూడదని. ఒక్కొక్కరి పక్కనా నిలబడి, చివరికి తాను తల వంచాడు. అది జూలై 7. 2000 అక్టోబర్ 1న పోప్ రెండో జాన్ పాల్ ఆయన్ని చైనా హతసాక్షులు 120 మందిలో ఒకడిగా పునీతుడని ప్రకటించాడు. నల్లమందు మానినట్టు ఎక్కడా ఆధారం లేదు.

‘ముందు మానేసి రా’ అన్న సూత్రం ప్రకారం ఈయన రక్షణ లేనివాడు. సిప్రియన్ లెక్కలో చూస్తే, ముప్ఫై ఏళ్లు అన్నం పెట్టకుండా యుద్ధానికి పంపిన సైనికుడు. గెలిచి వచ్చాడు సరే, ఆ ముప్ఫై ఏళ్ల ఆకలి ఎవరి ఖాతాలో రాయాలి?

దీనికి ఎప్పుడూ వచ్చే ఎదురు ప్రశ్న ఒకటుంది: ఇలా చెబితే జనం మరీ తెగించరా, కృప చవకైపోదా? చవక కృప అన్న మాటకి పేరు తెచ్చినవాడు జర్మన్ పాస్టర్ డీట్రిక్ బోన్‌హోఫర్. 1937 నాటి పుస్తకంలో ఆయన ఏకిపారేసింది పశ్చాత్తాపం లేని క్షమాపణని, పాపం మీద పోరాటమే ఎత్తని సుఖవంతుణ్ణి. పోరాడి పడుతున్నవాణ్ణి కాదు. అదే బోన్‌హోఫర్ రెండేళ్లకి వెలువరించిన ‘కలిసి జీవించడం’ అన్న చిన్న పుస్తకం చివర్లో దీనికి రెండో వైపు చెప్పాడు: భక్తిపరుల సహవాసంలో పాపిగా ఉండే అనుమతి ఎవరికీ లేదు, అందుకే అందరూ పాపాన్ని దాచుకుని ఒంటరిగా కుళ్లిపోతున్నారని. మొదటి పుస్తకం పేరు చెప్పి భయపెట్టేవాళ్లు రెండోది తెరిచినట్టు లేదు. కృప విస్తరించడానికి పాపంలో ఉండిపోదామా అని పౌలు రోమీయుల్ని అడిగి, కూడదన్నాడు. ఆ ప్రశ్న వచ్చేంత ధారాళంగా కృపని బోధించాడు కాబట్టే అడగాల్సి వచ్చింది. మన బోధ విని ఆ అనుమానం ఎవరికీ రావడం లేదు!

కనికరం అంటే చూసీ చూడనట్టు పోవడమని ఎవరూ పొరబడక్కర్లేదు. భార్యని కొట్టినవాడికి బల్లతో పాటు పోలీసు స్టేషనూ ఉంటుంది. పసిపిల్లల మీద చెయ్యి వేసిన బోధకుణ్ణి కృప పేరు చెప్పి మళ్లీ పల్పిట్ ఎక్కించడం ఘోరం. దెబ్బతిన్నవాళ్ల మీద రెండో దెబ్బ. తాగుడు వదిలించుకోలేనివాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లడమూ కనికరంలో భాగమే. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవాడు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ‘ఈ రాత్రికే మానెయ్, లేదంటే నరకం’ అనే బోధకుడికి ఈ సంగతి తెలిసుండాలి.

మన బల్లల మీద ఉండే పులియని ద్రాక్షరసానికీ ఒక కథ ఉంది. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు, సంస్కారంలో మత్తు ఉండకూడదని రసాన్ని వేడిచేసి పులియకుండా నిలవచేసే పద్ధతి పట్టాడు. తాగుడు పాపమని గిన్నెలో ఉన్నదాన్నే మార్చుకున్న సంఘం, తాగుబోతు ఎదురైతే గిన్నెనే వెనక్కి లాక్కుంటోంది.

అసలు ఎవరి పాపం బల్ల దగ్గర ఆగుతోంది? బీడీ, సారా, సినిమా వీటిని వాసన పట్టే ముక్కులు కట్నం దగ్గర మూసుకుపోతాయి. ఒకే ఊళ్లో కులానికో చర్చి కట్టుకుని, ఒకరి పిల్లని ఇంకొకరికి ఇవ్వనివాళ్లు ఏ జంకూ లేకుండా ముందు వరసలో పళ్లెం అందుకుంటారు. కొరింథులో పౌలు అయోగ్యం అన్నది సరిగ్గా ఇలాంటి విభజననే. ఆ హెచ్చరిక నిజంగా భయపెట్టాల్సిన మనుషులు నిశ్చింతగా తింటున్నారు. అది వర్తించని మనిషి ఆకలితో ఇంటికెళుతున్నాడు.

కాబట్టి సంఘ పెద్దలకి ఒక విన్నపం. వచ్చే మొదటి ఆదివారం తెల్లగుడ్డ తీసేముందు ‘యోగ్యులే రండి’ అన్న ప్రకటన ఆపండి. పదకొండో అధ్యాయం ఇరవయ్యో వచనం దగ్గర మొదలుపెట్టి ఒకరి కోసం ఒకరు ఆగమన్న మాట దాకా పూర్తిగా చదవండి. కులం పట్టింపు ఉన్నవాళ్లు, పేదవాణ్ణి సిగ్గుపరిచినవాళ్లు ముందు వెళ్లి రాజీపడి రావాలని చెప్పండి. తర్వాత ఆ పళ్లెం మీరే పట్టుకుని, తలుపు దగ్గర ఆఖరి వరస నుంచి మొదలుపెట్టండి.